పైనున్న చిరునామా

"ఇకనుంచి నాది ఒకే మాట, ఒకే చిరునామా!" అని మంత్రిగారు ప్రకటించగానే విలేఖరులు చప్పట్లు కొట్టారు. పేషీలో ఈమెయిళ్లు చూసే కంప్యూటరమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ మాట సాఫ్ట్‌వేర్‌కి చెప్పవలసింది తనే. పొరపాటు జరిగితే గిడ్డంగి విభాగానికి బదిలీ అని పీయేగారు ముందే హెచ్చరించారు. ఆ గిడ్డంగికి కిటికీలు లేవు.

మంత్రిగారికి ఈమెయిల్ చిరునామాలు మూడు. ఒకటి ప్రభుత్వానిది, ఒకటి సొంత పార్టీది. మూడోది ఎదుటి పార్టీది. "రేపటి సంగతి ఎవరు చూశారు బావా" అంటూ బావమరిది కిందటి వారమే పెట్టించాడు. ముందుచూపంటే అదీ!

"సార్, మెయిల్ ఏ చిరునామాకి వస్తే అక్కణ్ణుంచే జవాబు వెళ్లేలా పెట్టనా?"

"అవతలివాడు ఎక్కడ పిలిస్తే అక్కణ్ణుంచి పలకడానికి నేను మంత్రినా, నూతిలో ప్రతిధ్వనినా? ఎప్పుడూ ఒక్కటే ఉండాలి."

"ఏది సార్?"

మంత్రిగారు పీయే వైపు చూశారు. పీయే ఫైళ్లలో పండిపోయిన మనిషి.

"ఆఫీసు పద్ధతి ఉందిగా! కొత్త కాగితం ఎప్పుడూ పైన. చిరునామాలూ అలాగే పేర్చు."

"పైనున్నదే డిఫాల్ట్ అయి కూర్చుంటుంది సార్. అన్నీ దాన్నుంచే పోతాయి."

"నిన్నగాక మొన్న పుట్టిన సాఫ్ట్‌వేర్ మనకి పద్ధతులు నేర్పుతుందా? పేర్చమ్మా!"

పేర్చింది.

మర్నాడు మంత్రిగారు పార్టీ అధినేతకు విధేయతా పత్రం చెప్పి రాయించారు. "కట్టె కాలేవరకూ ఈ పార్టీలోనే" అన్నచోట ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. కదిలిపోయిన పీయే, కంప్యూటరమ్మ వారించేలోగా తానే మీట నొక్కేశాడు. పత్రం ఎదుటి పార్టీ చిరునామానుంచి దివ్యంగా వెళ్లిపోయింది.

"కొంప ముంచావు కదమ్మా!" అన్నారు మంత్రిగారు, ఆమెతో.

"నిన్ననే చెప్పాను కద సార్."

"నువ్వు చెప్పడం వేరు, నేను వినడం వేరు. పీయే, బదిలీ ఉత్తర్వు పట్రా!"

కలం మూత తీశారో లేదో అధినేత జవాబు వచ్చింది. కంప్యూటరమ్మ బెదురుతూ చదివింది: "మీ విధేయతకు కళ్లు చెమర్చాయి. ఈ పార్టీని వీడే ఆలోచన నాకూ కలలోనైనా లేదు."

"గండం గడిచింది! ఆయన చిరునామా చూడనేలేదు!"

"ఆయనది మీరు చూడండి సార్," అంది తెరమీద వేలుపెట్టి.

పీయే, మంత్రిగారు తలలు ఆనించి చూశారు. అదీ ఎదుటి పార్టీదే.

మంత్రిగారు కలానికి మెల్లగా మూత పెట్టారు.

"అమ్మాయ్, సెట్టింగుల జోలికి వెళ్లకు. ఎంతైనా పీయేగారి పద్ధతే పద్ధతి."