తొమ్మిది కిలోల పాప

ఆ రోజు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, బరువు చూసుకోవాలి, స్నానం చేసి కొత్త చొక్కా తొడుక్కోవాలి, పదిన్నరకల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఊబకాయానికి కొత్త మందు కోసం ఆర్నెల్లుగా సాగుతున్న పరిశోధనలో అది అతని ఆఖరి తూకం. అది గట్టెక్కితే మందు ఇంకో రెండేళ్ళు ఇస్తూనే ఉంటారు. గట్టెక్కదేమోనన్న బెంగ అతనికి బొత్తిగా లేదు. రెండు నెలలుగా తూకం నూటమూడు దగ్గర బుద్ధిగా కూర్చుని ఉంది మరి.

అతని వృత్తి లిఫ్టులు బాగుచేయడం. ఇనప దిమ్మలు ఎక్కించి, ఏ లిఫ్టు ఎంత మోస్తుందో సరిచూసి సంతకం పెడతాడు. అంతటి మనిషి లిఫ్టు ఎక్కాక బజర్ మోగిందా, ఇక చూసుకోండి, లోపలున్న తలలన్నీ అతనికేసే తిరిగేవి. చివర ఎక్కింది మూడు పెట్టెలు మోసుకొచ్చినవాడైనా సరే, దిగేది మాత్రం ఇతనే. పైగా ఆమధ్య లిఫ్టు పైకప్పు తలుపులోంచి అతని ఒళ్ళు దూరడం లేదని సూపర్‌వైజర్ కనిపెట్టాడు. ఆర్నెల్లు చూసి, అప్పటికీ దూరకపోతే ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెడతానన్నాడు. పద్దెనిమిదేళ్ళు చేత్తో చేసిన పని పోతుందంటే మెకానిక్‌కు ప్రాణం విలవిల్లాడింది.

అందుకే పరిశోధనలో చేరాడు. మొదటిరోజే డాక్టరమ్మ అంది, "ఇది మీ తప్పు కాదండీ. ఆకలేసిందని చెప్పేదీ, ఇక చాలని చెప్పేదీ మెదడు. అక్కడ లెక్క తప్పింది." నలభై రెండేళ్ళలో అతనితో ఎవరూ ఆ మాట అనలేదు. ఇంట్లో అత్తగారైతే కంచం ముందు కూర్చున్నప్పుడల్లా "నోరు కట్టుకుంటే చాలు బాబూ, అన్నీ అవే తగ్గుతాయి" అనేవారు. ఆ రోజు అతను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు, ఆనందంతోనే.

పరిశోధన పద్ధతి ఏమిటంటే, సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏదిస్తున్నారో ఆఖరిదాకా డాక్టరుకి కూడా తెలియదు. తనకిచ్చేది అసలు మందేనని మెకానిక్‌కి అనుమానమే లేదు. సోమవారం ఇంజెక్షన్ పడిందంటే బుధవారం దాకా వికారమే. ఆసుపత్రివాళ్ళిచ్చిన తూకం మిషన్ను ఇంట్లోనే పెట్టుకుని, రోజూ పొద్దున్నే ఎక్కితే ఆ అంకె దానంతటదే ఆసుపత్రికి వెళ్ళిపోతుంది. మొదటి నాలుగు నెలలూ అది నూటపన్నెండు దగ్గర మొండికేసింది. తర్వాత అతను పనిమీద పదిరోజులు ఊరెళ్ళి వచ్చి ఎక్కితే, నూటమూడు! ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు.

ఈ పొద్దున కళ్ళు నులుముకుంటూ ఎక్కాడు. నూటపన్నెండు.

దిగి, మళ్ళీ ఎక్కాడు. నూటపన్నెండే. కాళ్ళ కింద నేల చల్లగా తగిలింది.

"ఏమేవ్! ఇలా రా! రాత్రి నాకేం పెట్టావే?"

భార్య పరుగున వచ్చింది. వెనకే అత్తగారు. "మిషన్ చెడిపోయినట్టుంది, ఉండండి" అంటూ ఆవిడ తనే ఎక్కేశారు. రెండు నెలలుగా నలభై తొమ్మిది చూసుకుని మురిసిపోతున్న మనిషి. ఇప్పుడు యాభై మూడు చూపించింది. "దీని మొహం మండ! నన్ను పట్టుకుని యాభై మూడంటుందా!"

భార్య మాత్రం మిషన్ను చూడలేదు, దాని కింద నేలను చూసింది. "ఏమండీ, ఇక్కడి తివాచీ నిన్న ఉతకడానికి తీశాను. మీరు ఊరెళ్ళినప్పుడు కొన్నదే. ఇన్నాళ్ళూ మిషన్ దాని మీదే ఉంది."

"అయితే?"

"మెత్తటి దాని మీద పెడితే మిషన్ అందులో కూరుకుపోయి బరువు తక్కువ చూపించదూ? ఊళ్ళో లిఫ్టులన్నిటికీ బరువు సరిచూసేది మీరు. నన్నడుగుతారేం?"

మెకానిక్‌కి లెక్క తేలిపోయింది. తొమ్మిది కిలోలూ తివాచీవే! తను ఒక్క కిలో కూడా తగ్గలేదు. ఇంతలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నర్సు.

"సార్, ఒక్క రాత్రిలో తొమ్మిది కిలోలు పెరిగినట్టొచ్చింది! కాళ్ళు వాచాయా? ఊపిరాడుతోందా? అంబులెన్స్ పంపమంటారా?"

"వద్దొద్దు!" అని అరిచాడు. నిజం చెబితే రెండు నెలల అంకెలన్నీ తప్పుడివని తేలుతుంది. పేరు కొట్టేస్తారు, మందు ఆపేస్తారు. అటూ ఇటూ చూశాడు. నోట్లోంచి ఏదో వచ్చేసింది. "అదీ... పాపనెత్తుకుని ఎక్కానమ్మా."

"మీకు పిల్లల్లేరని ఫైల్లో ఉందే?"

"మా మరదలి పాప."

"అమ్మయ్య! అయితే పాపని కూడా తీసుకురండి సార్. తూచి, ఆ బరువు తీసేసి రాసుకుంటాం. డాక్టరుగారు నిన్నట్నుంచీ మీ ఫైలే పట్టుకుని కూర్చున్నారు. చాలా కంగారుగా ఉన్నారు."

ఫోన్ పెట్టేశాడు.

"నాకున్నది ఒక్కగానొక్క కూతురు," అన్నారు అత్తగారు. "మీకు మరదలెక్కణ్ణించి వచ్చింది అల్లుడుగారూ?"

"ఇప్పుడే ఫోన్ చేసి నిజం చెప్పేయండి," అంది భార్య.

"చెబితే మందు పోతుందే! నన్ను ఫోన్ల దగ్గర కూర్చోబెడతారే!" అతను ఫోన్ వెనక్కి దాచుకున్నాడు. భార్య ఇక పట్టుబట్టలేదు. అత్తగారు మాత్రం చీరకొంగు బిగించి, తూకం మిషన్ను చంకలో పెట్టుకుని బయల్దేరారు.

భవనంలో ఆవిడ తట్టని తలుపు లేదు. పైఅంతస్తు బాబు పదకొండున్నర తూగాడు. ఎదురింటి కవలలు చెరి ఆరు. "ఒకడైతే చాలడు, ఇద్దరైతే ఎక్కువవుతారు. ఒక లెక్కా పాడూ లేకుండా కంటారు!" అని విసుక్కుంటూ దిగొచ్చారు. ఈలోగా పిల్లల్ని ఉచితంగా తూస్తున్నారన్న కబురు పాకిపోయి, తల్లులందరూ మెట్ల మీద వరస కట్టారు. చంటిదానికి టీకాలు కూడా వేస్తారా అని ఒకావిడ అడిగింది. తొమ్మిదిన్నరైంది. మెకానిక్ కొత్త చొక్కా వీపంతా తడిసిపోయింది.

చివరికి కింది అంతస్తులో కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ అమ్మాయి పాప ఎనిమిది కిలోల ఆరువందల గ్రాములు తూగింది. స్వెట్టరు, టోపీ, రెండు జతల మేజోళ్ళు తొడిగితే తొమ్మిది!

"పాప ఎక్కడుంటే నేనూ అక్కడే," అంది దర్జీ అమ్మాయి.

"రా తల్లీ, రా," అన్నారు అత్తగారు. "ఈ పూటకి నువ్వు నా చిన్నకూతురివి."

ఆసుపత్రి మూడో అంతస్తు గదిలో డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. పలకరించినా తల ఊపిందంతే. నర్సు పాపను మిషన్ మీద కూర్చోబెట్టింది.

"తొమ్మిదీ పాయింట్ ఒకటి," అంది నర్సు రాసుకుంటూ. "సరిగ్గా సరిపోయింది సార్!"

అత్తగారు కుర్చీలో చేరగిలబడ్డారు. మెకానిక్ పొద్దుట్నుంచీ పట్టి ఉంచిన ఊపిరి వదిలాడు.

"పాప గొడవ తీరింది. ఇక మీరెక్కండి."

"నేనా?"

"ఆఖరి తూకం మీదే కదా సార్!"

భవనంలో ఉన్న పసివాళ్ళనందరినీ మూడు గంటలపాటు తూచిన కుటుంబంలో ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. భార్య కళ్ళు మూసుకుంది. అతను చెప్పులు విప్పి, ఉరికంబం ఎక్కినట్టు ఎక్కాడు. నూటపన్నెండు.

నర్సు అంకెను చూసింది. తల్లి చంకలో ఉన్న పాపను చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. "సార్, ఇప్పుడెవర్నెత్తుకున్నారు?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. తివాచీ, మరదలు, మేజోళ్ళు, అన్నీ డాక్టరమ్మ ముందు ఒక్క గుక్కలో కక్కేశాడు. "తప్పైపోయిందమ్మా. మీరొక్కరే నన్ను మనిషిలా చూశారు. మీకే అబద్ధం చెప్పాను. పేరు కొట్టేయండి."

డాక్టరమ్మ దగ్గరికొచ్చింది. "తివాచీ ఎంత మందం?"

"రెండు వేళ్ళుంటుందండీ."

"మళ్ళీ ఎక్కండి." ఎక్కాడు. "ఇంకోసారి." ఎక్కాడు. "అంటే మీరు ఒక్క కిలో కూడా తగ్గలేదు!"

"లేదమ్మా," అన్నాడు తల దించుకుని.

"బతికించారు!" అని ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నర్సు చప్పట్లు కొట్టింది. బరువు తగ్గనందుకు మెచ్చుకోలు అందుకోవడం అతనికి జన్మలో అదే మొదటిసారి.

"మీరు తప్ప అందరి తూకాలూ అయ్యాయని, ఎవరికేదిచ్చామో రాసిన కవర్లు నిన్న విప్పాం. మీకిచ్చింది ఉప్పునీళ్ళు. ఆ గుంపులో అందరూ ఉన్నచోటే ఉంటే మీరొక్కరే తొమ్మిది కిలోలు తగ్గారు. సీసాలు తారుమారై ఉంటాయి, మొత్తం పరిశోధన పారేయండన్నారు పైవాళ్ళు. మూడువందలమంది ఆర్నెల్ల కష్టం!"

"ఉప్పునీళ్ళా? మరి నా వికారం?"

"అది మీ సొంతం."

అత్తగారు చటుక్కున లేచారు. "చూశారా! మందూ లేదు, మాకూ లేదు. నేను చెప్పినట్టు నోరు కట్టుకుని ఉంటే..."

"కట్టుకున్నారమ్మా," అంది డాక్టరమ్మ. ఇప్పుడు నవ్వడం లేదు. "ఆర్నెల్లు ఈయన రాసిన తిండి పుస్తకం చదివాను. సగం కడుపుతో లేచారు. తిండి తగ్గినకొద్దీ ఒళ్ళు పొదుపు నేర్చుకుంటుంది, ఆకలి పెంచుతుంది, ఉన్న బరువునే పట్టుకు కూర్చుంటుంది. ఈయన పట్టుదలకి లోటేమీ లేదు."

రోజూ ఆ కంచం తీసింది అత్తగారే. అందులో మిగిలిపోయిన సగం ఆవిడకి గుర్తొచ్చింది కాబోలు, మెల్లగా మళ్ళీ కూర్చున్నారు. మెకానిక్ కళ్ళు నిండాయి. భార్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉప్పునీళ్ళవాళ్ళకి సోమవారం నుంచి అసలు మందు," అంది డాక్టరమ్మ. "అది మొదట్నుంచీ ఉన్న నియమమే. మీ సూపర్‌వైజర్‌కి ఇంకో ఆర్నెల్లు ఆగమని ఉత్తరం రాసిస్తాను. మిషన్ మాత్రం నేల మీద పెట్టండి. ఇంకోసారి పిల్లల్ని అరువు తెస్తే ఊరుకోను."

కిందికి వెళ్ళే లిఫ్టులో అప్పటికే జనం ఉన్నారు. దర్జీ అమ్మాయి, పాప, భార్య, అత్తగారు ఎక్కాక మెకానిక్ ఎక్కాడు. బజర్ మోగింది. తలలన్నీ అతనికేసి తిరిగాయి. అలవాటు ప్రకారం అతను కాలు వెనక్కి తీశాడు.

అత్తగారు అతని భుజం పట్టి లోపలికి లాగారు. "మీరుండండి అల్లుడుగారూ. నేననుకున్న దానికన్నా నాలుగు కిలోలు ఎక్కువున్నది నేను," అని అందరికీ వినిపించేలా అని దిగిపోయారు.

మోత ఆగింది. మూడంతస్తులూ మెట్లు దిగుతూ ఆవిడ తివాచీ అమ్మినవాణ్ణి తిడుతూనే ఉన్నారు.