ఒక్క తీసివేతకి ఎనిమిది కోర్లు

మనిషికి జ్ఞానోదయం కావాలంటే హిమాలయాలకి వెళ్ళక్కర్లేదు. చేతిలో పదిహేను వేలు పెట్టి, "కరెంటు తక్కువ లాగే కంప్యూటర్ ఒకటి కట్టించు, ప్రాసెసర్ నువ్వే ఎంచుకో" అంటే చాలు. నెల తిరిగేసరికి ఆశ, కోరిక, తిండి యావ, నిద్ర అన్నీ వాటంతటవే రాలిపోతాయి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. ఈ ప్రాసెసర్లకి పేర్లు ఎవరు పెట్టారో గాని, వాళ్ళ కడుపు చల్లగా! ఆ పేర్లు ఒక్కటీ అర్థం కాకపోవడం మన అదృష్టం. అర్థమైతే ఏం చేసేవాళ్ళం? ఐదు నిమిషాల్లో కొనేసి బస్సెక్కేవాళ్ళం. అర్థం కాలేదు కనకనే నాలాంటివాడికి కూడా ఈ వయసులో చదువు అబ్బింది.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను, తరవాత మీకు ఎవరో చెప్పడం ఎందుకు? ఏడో తరగతి కామన్ పరీక్ష దగ్గర నేనూ బడీ విడిపోయాం. అప్పటినుంచి ఒకరినొకరు పలకరించుకోలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆకివీడులో బంగార్రాజు గారి కాటా మీద కూర్చుంటున్నాను. కాటా అంటే కూరగాయల కాటా కాదండీ, లారీలెక్కే వేబ్రిడ్జి. చేపల చెరువులకి వెళ్ళే తవుడు లారీ నిండుగా ఎక్కుతుంది, బరువు చూస్తాను. సరుకు దింపుకుని ఖాళీగా వస్తుంది, మళ్ళీ చూస్తాను. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తాను. స్లిప్పు ఇస్తాను. అంతే! ఇన్నేళ్ళలో నేను చేసిన లెక్క ఒక్కటే, తీసివేత. కూడికతో నాకెప్పుడూ అవసరం పడలేదు.

మరి కంప్యూటర్ ఎందుకంటారా?

కరెంటు కోసం. బరువు చూపించే చిన్న డబ్బాకి సొంత బ్యాటరీ ఉంది. కరెంటు పోయినా అది ఎర్ర అంకెలు చూపిస్తూనే ఉంటుంది. చచ్చేది పక్కనున్న పాత కంప్యూటరే. మా ముసలి ఇన్వర్టర్ మీద అది పావుగంట కూడా బతకదు. అది పోయాక నేనే చేత్తో స్లిప్పు రాసి సంతకం పెట్టి ఇచ్చేవాణ్ణి. కిందటేడు రెండో పంట దాళ్వా కోతల్లో మిల్లు గుమాస్తా నా స్లిప్పుని చచ్చిన బొద్దింకలా రెండు వేళ్ళతో పైకెత్తి, "చేతిరాత చెల్లదండీ. కంప్యూటర్ స్లిప్పు తెండి" అని ధాన్యం ట్రాక్టర్లని వెనక్కి తోలేశాడు. అవి నేరుగా జనరేటర్ ఉన్న ఇంకో కాటాకి పోయాయి.

దాంతో ఈ జనవరిలో బంగార్రాజు గారు నన్ను పిలిచారు.

"చూడు గంగాధరం, జనరేటర్‌కి డీజిల్ నేను పొయ్యలేను. ఇవిగో పదిహేను వేలు. దాళ్వా కోతలు మొదలయ్యేలోపల ఇన్వర్టర్ మీద పూటంతా నడిచే కంప్యూటర్ తెచ్చావా, సరే. తేలేదా, నీ కుర్చీ తీసేసి ఆ గదిలో మేత బస్తాలు వేయించుకుంటాను."

"ఆయ్" అన్నాను. ఇంకేమంటాను? యాభై రెండేళ్ళవాణ్ణి పిలిచి, తీసివేత వచ్చునా అని అడిగి ఉద్యోగమిచ్చేవాళ్ళు ఎక్కడున్నారు?

అలా మొదలైంది నా తపస్సు.

ఏలూరులో ఒక కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. అక్కడ హేమంత్‌కుమార్ అనే ఆయన చాలా మర్యాదగా కుర్చీ వేశాడు.

"ఏ పనికండీ? గేమింగా, ఎడిటింగా?"

"కాటాకండీ."

"అదేం గేమండీ?"

"గేము కాదండీ. తీసివేత."

"వర్కు హెవీగా ఉంటుందాండీ?"

"హెవీ అంటే, పాతిక టన్నుల దాకా ఉంటుందండీ."

ఆయన ముఖం గంభీరంగా మారింది. "అయితే ఎనిమిది కోర్లు పడాల్సిందేనండీ" అన్నాడు. కోరంటే ప్రాసెసర్ లోపల కూర్చుని లెక్కలు చేసే బుర్రట.

చూశారా! ఒక్క తీసివేత చెయ్యడానికి ఎనిమిదిమంది! ఒకడు పెద్ద అంకె పట్టుకుంటాడు, ఒకడు చిన్న అంకె పట్టుకుంటాడు, ఒకడు పక్కింటినుంచి పది అప్పు తెస్తాడు. మిగిలిన ఐదుగురూ మన సర్కారు ఆఫీసుల్లోలాగే ఫ్యాను కింద కూర్చుంటారు. ఆ ఫ్యానుకి మళ్ళీ కరెంటు!

తరవాత పేర్లు చెప్పాడు. ఐ త్రీ, ఐ ఫైవ్, ఐ సెవెన్, ఐ నైన్. ఐ ఫోర్ ఏదండీ అంటే ఉండదన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. మూడు ముళ్ళు, పంచభూతాలు, ఏడడుగులు, నవగ్రహాలు! పెళ్ళిళ్ళు చేయించే పంతులుగారు ఎవరో ఆ కంపెనీలో పెద్ద పదవిలో ఉండి ఉంటారు.

అంకెల తరవాత అక్షరాలు. ఒకదాని చివర టి, ఒకదాని చివర కె, ఇంకోదాని చివర ఎఫ్. వీటికి అర్థం చెప్పమంటే హేమంత్‌కుమార్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. నేను చెయ్యెత్తి ఆపాను. ఇంగ్లీషు నాకు రాదు, అక్షరాలొచ్చు. వాటిని తెలుగులో చదివాను.

"టి అంటే తక్కువ. అవునాండీ? తక్కువ కరెంటు."

ఆయన పెట్టెమీద చూసి, "అవునండీ!" అన్నాడు.

"కె అంటే కరెంటు. బాగా లాగుతుంది."

"అవునండీ!"

"యు అంటే ఉపవాసం. హెచ్ అంటే హోరు. ఎన్ అంటే నీరసం. ఎఫ్ అంటే ఫెయిలు."

"ఎఫ్‌లో బొమ్మ రాదండీ. దానికి వేరే కార్డు కొనాలి" అన్నాడాయన, నోరు తెరుచుకుని. "ఇదంతా మీరెక్కడ చదివారండీ?"

ఏడు దాకా చదివానండీ అన్నాను. నిజమేగా! ఎఫ్ సంగతి అయితే స్వయంగా తెలుసు.

ఇంకొక రహస్యం కూడా అక్కడే బోధపడింది. పెట్టెమీద అరవై ఐదు వాట్లని ఉంటుంది. పని ఊపందుకుంటే లాగేది దానికి రెట్టింపట! ఇందులో వింతేముంది? లారీమీద రాసిన పాసింగ్ బరువు, అంటే మొయ్యడానికి పర్మిషనున్న బరువు, ఒకటి, నా కాటా మీద పడే బరువు ఇంకొకటి. ఆ రెండింటి మధ్యనే కదండీ దేశం నడుస్తోంది!

అక్కడితో కొనేస్తే ఏముంది, మామూలు మనిషినైపోయేవాణ్ణి. అందుకని తాడేపల్లిగూడెం వెళ్ళి మా బావమరిది కృష్ణచైతన్యని అడిగాను. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు.

"బావగారూ, ఏది కొన్నా ఫ్యూచర్ చూసుకుని కొనాలండీ. ఇవాళ్టికి సరిపోయింది రేపటికి సరిపోదు."

"రేపు తొమ్మిదిలోంచి నాలుగు తీస్తే ఆరొస్తుందేంటయ్యా?"

"అలాక్కాదు బావగారూ, టెక్నాలజీ మారిపోతుంది."

"మా లారీ మారిందా? ఎక్కుతుంది, దిగుతుంది."

"మీతో పెట్టుకోలేనండీ. కాఫీ తాగండి" అన్నాడు. కాఫీ బాగుంది.

ఇక ఫోన్‌లో వీడియోలు. వాటిని తిట్టేవాళ్ళు పాపాత్ములు! నలభై నిమిషాలసేపు రంగురంగుల గీతలు చూపించి, ఇది దానికన్నా పన్నెండు శాతం వేగం, అది దీనికన్నా చల్లన అని చెప్పి, చివర్లో చేతులు జోడించి "మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి" అంటారు. నా అవసరం నా కుర్చీ, నాయనా! అది ఏ గీతలో ఉందో చూపించు!

అయినా ఎన్ని లాభాలో చూడండి. ఫోన్ పట్టుకుని నేను మూల కూర్చున్నందుకు మా సరోజకి టీవీ రిమోట్ దక్కింది. "తొందరేముందండీ, నిదానంగా చూసుకోండి" అని అడక్కుండానే మజ్జిగ తెచ్చిచ్చేది. పెళ్ళయ్యాక ఇంత అన్యోన్యంగా ఎప్పుడున్నాం? పైగా ఆ మూడు నెలల్లో నేను కొనబోయే కంప్యూటర్ లాగిన కరెంటు ఎంత? సున్నా! ఇంత పొదుపైన మిషను ఏ కంపెనీ తయారుచేసిందండీ?

కాని ఏప్రిల్ వచ్చింది. చేలు పసుపెక్కాయి. సరోజే ఒకరోజు రిమోట్ పక్కన పెట్టి, "ఏవండీ, కోతలు మొదలయ్యాయట. కుర్చీ సంగతేంటి?" అంది.

మర్నాడే వెళ్ళి నీరసాన్ని కొన్నాను. ఎన్ అక్షరంది. ఆరు వాట్లు. అరచేతిలో ఇమిడిపోయేంత పెట్టె, ఫ్యాను లేదు, చప్పుడు లేదు. అందులోనూ నాలుగు కోర్లున్నాయి, పోనీలెండి, ముగ్గురు విశ్రాంతి తీసుకుంటారు.

తెచ్చి బల్లమీద పెట్టాను. కాటా డబ్బా నుంచి వచ్చే వైరు పట్టుకున్నాను. దాని మూతికి తొమ్మిది సూదులు. కొత్త పెట్టె చుట్టూ తిప్పి చూశాను. అలాంటి కన్నం ఒక్కటీ లేదు! పాత స్లిప్పుల సాఫ్ట్‌వేరు కూడా ఇందులో కూర్చోనని మొండికేసింది. హేమంత్‌కుమార్‌కి ఫోన్ చేశాను.

"దానికి కన్వర్టర్ తెప్పించాలండీ. సాఫ్ట్‌వేరు కొత్తది కొనాలండీ. మీరు ముందే చెప్పలేదుగా!"

"ఎంతవుతుందండీ?"

"మళ్ళీ ఒక కంప్యూటరంత అవుతుందండీ."

బడ్జెట్టు అయిపోయింది. అయినా నిరాశపడలేదు. స్లిప్పులాంటి కాగితం ఒకటి మామూలుగా టైపు చేసుకున్నాను. ఎర్ర అంకెలు కళ్ళతో చూస్తాను. తీసివేత బుర్రలో చేస్తాను. వచ్చిన అంకె వేలితో నొక్కుతాను. ప్రింటు వస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కాటా మీద ఏమీ నొక్కలేదని పేరున్నవాణ్ణి, ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నొక్కుతూనే ఉన్నాను!

కోతలు ముమ్మరమైన మొదటిరోజే పదింటికి కరెంటు పోయింది. పెట్టె చెక్కు చెదరలేదు. మిల్లు దగ్గర ఆ గుమాస్తాయే నా స్లిప్పు అందుకుని, రెండు చేతులతో సాపు చేసుకుని, "ఆఁ, స్లిప్పంటే ఇదీ! కంప్యూటర్ అబద్ధమాడదు కదండీ" అన్నాడట. ట్రాక్టర్‌వాళ్ళు వచ్చి మరీ చెప్పారు. అవే కళ్ళు, అదే బుర్ర, అదే తీసివేత. ఇంకుతో రాస్తే దొంగని, సిరాకి బదులు కరెంటు పోస్తే హరిశ్చంద్రుణ్ణి!

తవుడు లారీ డ్రైవర్ నెల్సన్ ఒక్కడే లారీ కిటికీలోంచి తొంగి చూసి కనిపెట్టాడు.

"బాబాయ్ గారూ, నొక్కేది మీరేగాండీ! ఆ రెండో అంకె మీద వేలు కాస్త పైకి జరిగితే ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది. దిగు ముందు, నీ బరువు కూడా కలుస్తోంది."

నవ్వుకుంటూ దిగాడు. నేను సరైన అంకే నొక్కాను. ఎందుకు నొక్కానో ఎనిమిది కోర్ల ప్రాసెసర్ని అడగండి, దానికి తెలియదు.

వారం తిరిగేసరికి బంగార్రాజు గారు వచ్చారు. ట్రాక్టర్ల వరస చూసి, పెట్టె చూసి, దాన్ని చేత్తో నిమిరి మురిసిపోయారు.

"భలే తెచ్చావయ్యా గంగాధరం! అన్నీ ఇదే చేసేస్తుంటే ఇంక నువ్వెందుకు? వచ్చే నెల నుంచి వాచ్‌మన్ చూసుకుంటాడులే."

"పెట్టె ఏమీ చెయ్యట్లేదండీ. తీసివేత నేనే చేస్తున్నాను."

"ఊరుకోవయ్యా, కంప్యూటర్‌కి రాని లెక్కా! దీన్ని ఎలా నడపాలో రాసిచ్చి వెళ్ళు."

రాశాను. చక్రాలన్నీ పూర్తిగా ఎక్కాయో లేదో చూడడం, డ్రైవర్ని దింపడం, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగడం, ఎందులోంచి ఏది తీసెయ్యాలో, అన్నీ గుండ్రటి అక్షరాలతో రెండు పేజీలు రాసిచ్చాను. ఆయన కళ్ళజోడైనా పెట్టుకోలేదు.

"చేత్తో రాశావేంటి! ఇదెవరు చూస్తారు? కంప్యూటర్లో కొట్టి, ప్రింటు తీసియ్యి."

సరేనని కూర్చుని కొట్టాను. ఈసారి కుదించాను.

ఒకటి: పెట్టె ఆన్ చేయవలెను.

రెండు: గంగాధరరావును కుర్చీలో కూర్చోబెట్టవలెను.

మూడు: రెండవది లేనిచో మొదటిది పనిచేయదు.

ప్రింటు వేడివేడిగా అందించాను. బంగార్రాజు గారు కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. ఒకసారి చదివారు. పెదాలు కదుపుతూ రెండోసారి చదివారు. పెట్టె వంక చూశారు, నా వంక చూశారు. తరవాత ఆ కాగితాన్ని స్వయంగా గోడకి అంటించి, "ఈ ముక్క ముందే చెప్పొద్దూ గంగాధరం!" అని కసురుకున్నారు.

చెప్పానండీ. కాకపోతే, నోటితో చెప్పాను.