మేకను తీసేసి నవ్వు పెట్టారు

నవ్వు రావాలంటే జోకు ఉండాలనుకోవడం పాతకాలపు మూఢనమ్మకం. జోకు అక్కర్లేదు. చూసేవాళ్లూ అక్కర్లేదు. నవ్వు ఒక్కటి ఉంటే చాలు, అదీ రికార్డు చేసి పెట్టుకున్నది!

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదండీ. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్ట మీద, ఒక రిసార్ట్‌లో జరిగిన సిట్‌కామ్ రైటింగ్ వర్క్‌షాప్‌లో వచ్చింది. నేర్పింది చంద్రకాంత్ సర్. టీవీ కామెడీలో తలపండిన రైటర్. ఆయన రాసిన వాటిలో అత్తగారు జారిపడని వారం లేదు. వర్క్‌షాప్‌లో నెగ్గిన స్క్రిప్టును షూట్ చేసి, యూట్యూబ్‌లో పెడతామన్నారు. ఇంకేం కావాలి చెప్పండి?

నా దగ్గర కథ రెడీగా ఉంది. తాండూరులో ఉండే మా పెద్దమ్మ హన్మమ్మే కథ. పెద్దనాన్న అంజిలయ్య మీద కోపమొస్తే ఆవిడ ఆయనతో మాట్లాడదు. ఏం చెప్పాలన్నా పెరట్లో ఉన్న మేకకు చెబుతుంది. మేక పేరు చుక్కి. ఆయన వినాలి, కానీ విననట్టు కూర్చోవాలి. అదీ ఆ ఇంటి రూలు.

"ఏమే చుక్కీ, చాయ్ సల్లారుతున్నదని గా పెద్దమనిషికి జెప్పు. పేపర్ల తల పెట్టిండంటే పొద్దుగూకేదాంక తియ్యడు."

పెద్దనాన్న తక్కువ తిన్నాడా? "చుక్కీ, చాయ్‌ల చక్కెర ఎయ్య మర్సిందని నువ్వన్న జెప్పు. నేను జెప్తే లొల్లయితది."

"మర్సిపోలే చుక్కీ. షుగరున్నోళ్లకు గంతే పోస్తరని జెప్పు."

మధ్యలో చుక్కి ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తూ నెమరేస్తుంటుంది. సెలవులకు వెళ్లినప్పుడల్లా నేను కడుపు నొప్పి పుట్టేలా నవ్విన ఇల్లు అది.

వర్క్‌షాప్‌కు బయల్దేరే ముందు ఫోన్ చేసి, "నీ మాటలు టీవీలో వస్తాయి పెద్దమ్మా" అన్నాను.

"నన్ను జూసి నవ్వుతరా, నా మాటకు నవ్వుతరా? జర గది జూస్కో బిడ్డా" అంది.

నీ మాటకే, అని ఒట్టు పెట్టాను.

మొదటి రోజే సర్ నా స్క్రిప్టును చేతుల్లోకి తీసుకున్నారు. "మేక డేట్స్ ఎవరు చూస్తారమ్మా? తీసెయ్." తీసేశాను. మరి పెద్దమ్మ ఎవరితో మాట్లాడాలి? "అసలావిడ ఇంటావిడ ఎందుకయ్యింది? ఆ యాసకు పనిమనిషి అయితే సరిపోతుంది." ఎంత సూక్ష్మ దృష్టి! ఇల్లు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ అయింది. న్యూస్ చదివినట్టు మాట్లాడే ఇంటావిడ ఒకరు కొత్తగా పుట్టుకొచ్చారు. హన్మమ్మ చేతికి చీపురొచ్చింది. అంజిలయ్య వాచ్‌మన్ అయ్యాడు. వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలన్న సంగతి నిడివి కోసం ఎగిరిపోయింది.

"మరి జోకులెక్కడ సర్?" అన్నాను. కొత్తదాన్ని కదా.

"ఆ యాసే జోకమ్మా" అన్నారాయన ఓపిగ్గా. "అది వినపడగానే నవ్వు వేసెయ్. ఎక్కడ నవ్వాలో జనానికి మనమే చెప్పాలి."

ఆయన ల్యాప్‌టాప్‌లో ఎన్ని రకాల నవ్వులో! ముసిముసి నవ్వు, పొట్ట పట్టుకునే నవ్వు, చప్పట్లు కలిసిన నవ్వు. వాటికి తలనొప్పి లేదు, మూడ్ లేదు, ఇంట్లో గొడవల్లేవు. బటన్ నొక్కితే చాలు, మొదటిసారి విన్నంత సంబరంగా నవ్వుతాయి. ఇంత గొప్ప వస్తువును టీవీకే పరిమితం చేయడం అన్యాయం కాదూ? ఆఫీసు మీటింగుల్లో పెడితే బాస్ జోకులకు మన దవడలు నొప్పెట్టవు. కొడంగల్ బస్సులో పెట్టి, గుంతలో పడ్డప్పుడల్లా ఒకసారి నొక్కితే గుంత కూడా కామెడీ అయిపోతుంది. రోడ్డు వేయమని ఇంకెవరడుగుతారు?

చివరికి నా స్క్రిప్టే నెగ్గింది! నెగ్గక ఏం చేస్తుంది, సగం సర్‌దే కదా.

ఎపిసోడ్ వచ్చిన రోజు తాండూరు వెళ్లి, వాళ్ల టీవీలోనే యూట్యూబ్ పెట్టాను. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని, పక్కింటి మొగులమ్మను పిలిపించుకుని టీవీ ముందు కూర్చుంది. పెద్దనాన్న పేపర్ పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

మొదటి సీను. చీపురుతో లోపలికొచ్చిన హన్మమ్మ, ఇంటివాళ్ల అమ్మాయిని అడుగుతుంది: "తిన్నవా బిడ్డా?"

టీవీలో పొట్ట పట్టుకునే నవ్వు. దాని వెనకే చప్పట్లు.

మా గదిలో ఎవరూ నవ్వలేదు. వాకిట్లోకి ఎవరైనా వచ్చారేమోనని మొగులమ్మ తొంగి చూసింది. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"ఎవలు నవ్వుతుండ్రు?"

"ఎవరూ కాదు పెద్దమ్మా. రికార్డు నవ్వు. తర్వాత కలుపుతారు."

"తిన్నవా అంటే నవ్వుడెందుకు?"

ఈ ప్రశ్న వర్క్‌షాప్ సిలబస్‌లో లేదు. నేను రిమోట్ వెతికాను. ఈలోగా టీవీలో హన్మమ్మ "జర పక్కకు జరుగమ్మా" అంది. మళ్లీ నవ్వు. "మస్తు ఎండ గొడ్తున్నది" అంది. మళ్లీ చప్పట్లు.

పెద్దమ్మ మెల్లగా లేచి పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి ఆమె గొంతు వినిపించింది, సరిగ్గా నాకు వినపడేంత గట్టిగా.

"ఏమే చుక్కీ, పట్నం నుంచొచ్చిన గా రైటరమ్మను అడుగు, బువ్వ తిన్నదో లేదో. నేనడిగితే మల్ల యాడికెల్లి నవ్వుతరో ఏమో."

పేపర్ వెనక పెద్దనాన్న భుజాలు కదలడం మొదలైంది. తర్వాత పేపరూ ఊగింది. ఆ తర్వాత ఆయన కళ్లు తుడుచుకుంటూ, గుమ్మం పట్టుకుని నవ్వాడు.

బటన్ ఎవరూ నొక్కలేదు.