పాలయ్య సారు అజొల్లా

జమ్మలమడుగులో పాలయ్య సారు ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. పెరట్లో గుంత తవ్వి, ప్లాస్టిక్ పట్ట పరిచి, నీళ్లు నింపి, గేదె మేతకు అజొల్లా అనే నీటిమొక్కను పెంచాలి. బడి నుంచి రిటైరయ్యాక ఆయన అంత హుషారుగా లేచింది అదే మొదలు. విత్తనం అడగడానికి మైదుకూరు బయల్దేరినవాడు, దారిలో కాలువ మలుపున తేలుతున్న పచ్చటి ఆకును చూసి, ఫోనులో చూసిన బొమ్మ ఇదేనని తేల్చుకుని బకెట్టు నింపుకొచ్చాడు.

తొలిరోజు బేసినులో పెడితే గేదె వాసన చూసి మొహం తిప్పుకుంది. "అలవాటు కావాల కదయ్యా" అని భార్య జ్ఞానమ్మ ఆయన్ను లోపలికి పంపింది. సాయంత్రానికి బేసిను ఖాళీ. నాలుగు రోజుల్లో పాలు కూడా పెరిగాయి.

గుంతలో ఆకు పట్టనంతగా పెరిగింది. ఆయన ఆనందానికీ ఇల్లు చాలలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ బకెట్లతో పంచాడు. ఎదురింటి గులాబ్‌బీ నీళ్లతొట్టిలో స్వయంగా వేసి వచ్చాడు.

కొన్నాళ్లకు గులాబ్‌బీ వచ్చింది. "సార్, మా ఎనుము ముట్టుకోలేదు. మీది ఎట్ల తింటాంది?"

"బెల్లం నీళ్లు చల్లి పెట్టు."

గులాబ్‌బీ గేదె బెల్లం నాకి ఆకు వదిలేసింది. వీధిలోని మిగతా గేదెలూ అదే పని చేశాయి. సారు గేదె తింటోంది కాబట్టి జబ్బు తమ గేదెలకేనని అందరూ బెంగపడ్డారు. గులాబ్‌బీ పశువుల డాక్టరమ్మ సుధను పిలిపించింది. పాలయ్య, జ్ఞానమ్మ కూడా వెళ్లారు.

సుధ గేదె పొట్ట తట్టి చూసింది. తర్వాత తొట్టిలోని ఆకునొకటి నీళ్లలో ముంచి తీసింది. నీళ్లు పూసల్లా జారిపోయాయి. ఆకు తడవనే లేదు.

"ఎనుము శానా బాగుంది. ఇది అజొల్లా కాదు సార్. దాని ఆకు నువ్వుగింజంత ఉంటాది. ఇది గోరంత ఉంది, పైన నూగు కూడా. సాల్వీనియా అంటారు. కాలువలో అల్లుకుందంటే నీళ్లు కనపడకుండా కప్పేస్తాది. చేపలు కూడా బతకవు."

పాలయ్య మొహం వాడిపోయింది. "మరి మా ఎనుము తింటాందే?"

జ్ఞానమ్మ కొంగు సర్దుకుంది. "అది యాడ తినింది? నేనే దిబ్బలో పారబోసి, శెనిక్కాయ చెక్క నానబెట్టి పెడతాండా. రిటైరైనాక నువ్వు మొగం నిండా నవ్వింది ఆ పొద్దే. తినలేదని ఎట్ల చెప్పేది?"

"వీధంతా పంచుతాంటే అయినా చెప్పుండొచ్చు గదా."

"నువ్వు బకెట్టు పట్టుకుని అంత సంబరంగా పోతాంటే నాకు నోరు రాలేదయ్యా."

పాలయ్యకు కోపం రావలసింది. రాలేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆ పూట నుంచే ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి, తమ గుంతతో సహా తొట్లన్నీ జల్లెడతో దేవి, ఆకంతా ఎర్రటి ఎండలో ఎండబెట్టి పూడ్చారు. గులాబ్‌బీ ఇద్దరికీ టీ ఇచ్చింది, బెల్లమంతా ఎనుముకే అయిపోయిందని చక్కెర వేసి.

మరుసటి వారం సుధ అసలైన అజొల్లా తెచ్చిచ్చింది. గేదె బేసిను అడుగుతో సహా నాకేసింది. జ్ఞానమ్మ నిశ్చింతగా చెక్క నానబెట్టడం మానేసింది.

పాలు తగ్గిన సంగతి పాలయ్య వీధిలో ఎవరికీ చెప్పలేదు.