ఫ్యాను కింద చాప

ఆ రోజు పొద్దున గోపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు సారు వస్తాడు. చాయ్ ఇవ్వాలి. అడిగినదానికి నిజం చెప్పాలి. సారు బస్సెక్కి పోయాక మళ్లీ మగ్గంలో కూర్చోవాలి. ఇంత చిన్న పథకం కూడా చెడిపోగలదని గోపాల్‌కు తోచలేదు. ఎందుకంటే అప్పటికింకా పక్కింటి గణేష్ నిద్ర లేవలేదు.

సారంటే ఒక ట్రస్టు పంపే మనిషి. ఆసుపత్రులకు నర్సులూ ల్యాబ్ టెక్నీషియన్లూ దొరకడం లేదని, ఆ చదువులు చదివే పేదపిల్లలకు ఈ ట్రస్టు ఫీజంతా కడుతుంది. గోపాల్ కూతురు శ్రుతికి వనపర్తిలో నర్సింగు సీటు వచ్చింది. సీటు వచ్చింది గాని, ఫీజు కట్టే దారి మాత్రం రాలేదు. దరఖాస్తు చూసి ట్రస్టు వాళ్లు సరే అన్నారు. ఇక మిగిలింది వాళ్ల మనిషి వచ్చి ఇల్లు చూసి పోవడమే. ఆయన ఔనంటే శ్రుతి నర్సు అవుతుంది. కాదంటే తల్లి పక్కన కూర్చుని మగ్గానికి కండెలు చుడుతుంది.

గద్వాలలో ఆ వీధిలోని ఇళ్లన్నిటిలాగే గోపాల్ ఇంట్లోనూ ముందరి గది మనుషులది కాదు, మగ్గానిది. నేలలో తవ్విన గుంత, అందులోకి కాళ్లు దించి కూర్చుంటే పాదాల కింద తొక్కుడు చెక్కలు, ఎదురుగా నిలువు పోగులు బిగించి కట్టిన పట్టు పడుగు. దాని మీద నెమలికంఠం రంగు చీర సగం దాకా వచ్చి ఉంది, జానెడు జరీ అంచుతో. పట్టు కూలికి నేయించుకునే సేటుది, జరీ సేటుది, రేపు తయారయ్యే చీర కూడా సేటుదే. గోపాల్‌వి చేతులు మాత్రమే. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కూడా మగ్గం మీదే తిరుగుతుంది. నేసేవాడి చెమట పట్టు మీద పడితే మరక మిగులుతుంది. అందుకని ఆ ఇంట్లో గాలి ముందు చీరకు, తర్వాత మనుషులకు.

ఎనిమిదిన్నరకు గణేష్ వచ్చాడు. ఆయనా నేసేవాడే. కాకపోతే ఆయన మగ్గం ఆడే గంటలకన్నా నోరు ఆడే గంటలు ఎక్కువ. గడప దాటకుండానే మగ్గం వంక చూసి తల పట్టుకున్నాడు.

"ఏందన్నా, గిది గిట్లనే ఉంచుతవా? సారొచ్చి గీ పట్టు జూస్తే ఏమంటడు? ఇంట్ల ఇంత జరీ ఉండంగ నీకు మా పైసలెందుకంటడు."

అది సేటు సొత్తని అందరికీ తెలుసు కదా అన్నాడు గోపాల్. గద్వాలలో అందరికీ తెలుసు, నాగర్‌కర్నూలు నుంచి వచ్చే సారుకు ఎవరు చెప్పారని గణేష్ అడిగాడు. నువ్వు చెబితే ఆయన నమ్మాలని రూలేమైనా ఉందా అని కూడా అడిగాడు. గోపాల్‌కు చెమట పట్టింది. చీర మీద పడకుండా పక్కకు జరిగాడు.

లోపలినుంచి అతని భార్య స్వరూప వచ్చింది. "ఉన్నది ఉన్నట్టు చెప్తె అయిపాయె. పడుగు జోలికి పోకుండ్రి" అంది. ఆ ఇంట్లో సరైన మాటలన్నీ స్వరూపే అంటుంది. రోజూ వినీ వినీ వాటికి విలువ లేకుండా పోయింది.

మగ్గం దాచడానికి ఒక గంట పట్టింది. గోపాల్, గణేష్ కలిసి తాళ్లు విప్పి, నేసిన చీరనూ నేయవలసిన పడుగునూ ఒక్కటిగా చుట్టి, పాత దుప్పటి కప్పి, శవాన్ని మోసినంత మర్యాదగా లోపలి గదిలో మంచం వెనక పడుకోబెట్టారు. మగ్గం గుంజల మీద గణేష్ తన తడి లుంగీ ఆరేశాడు. ఇక మిగిలింది గుంత. దాన్ని మోసుకుపోవడం మాత్రం గణేష్ వల్ల కూడా కాలేదు. అడ్డంగా నాలుగు వెదురుబద్దలు పేర్చి, గోనెసంచులు పరిచి, పైన కొత్త చాప వేశారు. చూడ్డానికి బాగానే ఉంది. అటువైపు ఎవరూ నడవకుండా చూసుకుంటే చాలన్నాడు గణేష్.

ఇది తప్పు నాయినా అని శ్రుతి రెండుసార్లు చెప్పింది. నీకోసమే కదా అన్నాడు తండ్రి. 

సారు పది దాటాక వచ్చాడు. పేరు మహేశ్వర్, సొంతూరు లింగాల. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. బస్సులో నిలబడి రావడంవల్ల చొక్కా వీపుకు అంటుకుపోయింది. గుమ్మం పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నీళ్లు తాగాడు. ఇల్లంతా కలియజూసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"దరఖాస్తుల చేనేత కుటుంబమని రాసిండ్రు. మగ్గమేది?"

గోపాల్ నోరు తెరిచేలోగా గణేష్ అందుకున్నాడు. "అమ్మేసిండు సార్. బతకలేక."

మరి ఇప్పుడు ఏం పని చేస్తున్నారని సారు అడిగాడు. కూలి అన్నాడు గోపాల్. ఎక్కడ అని అడిగితే గోపాల్ కొత్తకోట అన్నాడు, అదే క్షణంలో గణేష్ మల్దకల్ అన్నాడు. సారు ఇద్దరి వంకా చూశాడు. పొద్దున ఒక ఊర్లో, మధ్యాహ్నం నుంచి ఇంకో ఊర్లో అని గోపాల్ సర్దాడు. ఆ రెండు ఊర్ల మధ్య ఎంత దూరమో సారుకు తెలిసే ఉంటుంది. అయినా పెన్ను తీయకుండా జేబులోనే ఉంచాడు. మంచివాడు కావడమే ఆ రోజు ఆయన చేసిన తప్పు.

అప్పుడు, పొద్దుటి సంగతులేవీ తెలియని గోపాల్ తల్లి జోగమ్మ చాయ్‌కు పాలు తీసుకుని వచ్చింది. వచ్చిన మనిషి చెమటలు కక్కుతుంటే ఫ్యాను వేయనందుకు కొడుకును తిట్టి, తానే స్విచ్చు నొక్కింది. గది అవతలి మూల, ఎవరూ లేని చాప మీద ఫ్యాను హాయిగా తిరగడం మొదలుపెట్టింది. సారు దాన్ని చూశాడు, తన తడి చొక్కాను చూసుకున్నాడు, లేచి కుర్చీ చేత పట్టుకున్నాడు. గోపాల్ అడ్డం నిలబడ్డాడు.

"అక్కడ వద్దు సార్. ఆ ఫ్యాను ఊగుతది. ఎప్పుడు ఊడిపడ్తదో తెల్వదు."

ఇంకొకడైతే భయపడి వెనక్కి పోయేవాడు. మహేశ్వర్ సారు కుర్చీ దించి, ఊడిపడే ఫ్యాను కింద ముసలామెను ఎట్లా తిరగనిస్తున్నారని కోప్పడ్డాడు. కొక్కెం వదులైందేమో చూద్దామని గోపాల్‌ను తప్పించుకుని ముందుకు నడిచాడు. కళ్లు పైన ఫ్యాను మీద ఉన్నాయి. కాలు కింద చాప మీద పడింది.

చాప, సంచులు, బద్దలు, సారు అన్నీ కలిసి లోపలికి పోయాయి. తొక్కుడు చెక్కల మధ్య ఏదో పటుక్కుమంది. అది చెక్క అయితే బాగుండునని గోపాల్ మనసులో మొక్కుకున్నాడు. చెక్క కాదు. నడుము లోతు గుంతలో, సరిగ్గా గోపాల్ రోజూ కూర్చునే చోట, సారు తెల్లబోయిన మొహంతో ఉన్నాడు. కాలి కిందికి చూసుకుని, నొప్పిని పళ్ల మధ్య నొక్కిపెట్టి అడిగాడు.

"మగ్గం అమ్మేసినమంటిరి గదా."

"గుంత మిగిలింది సార్" అన్నాడు గోపాల్.

నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే, బండి కొత్తకోట రోడ్డు మీద లారీ ప్రమాదానికి పోయిందని, వేరేది వచ్చేసరికి ఆలస్యమవుతుందని చెప్పారు. గణేష్ సారును చంకలు పట్టి లాగబోయాడు. శ్రుతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. మల్దకల్‌లో మేనత్త ఇంటికి పోయినప్పుడల్లా ఆ పిల్ల అక్కడి సర్కారు దవాఖానలో ఎస్తేరు సిస్టర్ వెంట తిరిగి కట్లు కట్టడం చూసి చూసి నేర్చింది. నర్సు కావాలన్న ఆశ పుట్టింది కూడా అక్కడే.

తానే గుంతలోకి దిగింది. మోకాలి కింద ఎముక విరిగిందని చేత్తోనే తెలుసుకుంది. "ఎవ్వరు కదిలించొద్దు. నాయినా, జర రెండు తిన్నని కర్రలు కావాలె. బలమైనవి" అంది.

వెదురుబద్దలు ముక్కలైపోయాయి. ఇంట్లో తిన్నని కర్రలు రెండే ఉన్నాయి. అవి లోపల, దుప్పటి కింద, చుట్టిన పడుగులో ఉన్నాయి. వేల పోగులు ఒకదానితో ఒకటి కలవకుండా వరుసలో నిలిపేవి ఆ రెండు కర్రలే. తాళ్లు బిగించి ఉన్నప్పుడైతే పోగులు చెదరకుండా తీయవచ్చు. వదులుగా చుట్టిన సన్నపట్టులోంచి వాటిని లాగితే ఇక ఆ పడుగు పడుగు కాదు, ముద్ద. నేసేవాడు ఇల్లు తగలబడినా చేయని పని అది.

గోపాల్ మంచం వెనక కాసేపు నిలబడ్డాడు. ముందరి గదిలోంచి సారు మూలుగు వినిపిస్తోంది. తన కాలికి కట్టు కట్టిన పిల్లను ఏ సారైనా మరిచిపోతాడా అనుకున్నాడు. ఆ పైన ఏమీ అనుకోకుండా రెండు కర్రలూ లాగేశాడు. చప్పుడేమీ కాలేదు. చేతికింద పట్టు మెత్తగా కూలిపోయింది. 

శ్రుతి తన తల్లి పాత నూలుచీరను చింపి, కర్రలు రెండువైపులా ఆనించి కట్టింది. అప్పుడు నలుగురూ కలిసి సారును పైకి తీసి పడుకోబెట్టారు. మూలుగు తగ్గింది. పడుకున్న చోటినుంచి ఆయనకు లోపలి గదిలో నేలమీద చెదిరిన నెమలికంఠం రంగు పట్టు కనిపించింది. ఇదేమిటని అడిగాడు. గోపాల్ ఇక దాచలేక మొదటినుంచీ చెప్పాడు. సారు ఫ్యాను వంక చూస్తూ అన్నాడు.

"గద్వాలల మగ్గం మీద పట్టు కనవడ్తే ఆ ఇంట్ల పైసల్లేవనే మాకు గుర్తు. పైసలున్నోళ్లు నేస్తరా, అమ్ముతరు గాని. నేను వచ్చిందే గది జూసి రాసుకపోదామని."

 స్వరూప గణేష్ వంక చూసింది. గణేష్ తన లుంగీ తీసుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు సేటు మనిషి వచ్చి ముద్దయిన పట్టును చూశాడు. తిట్టలేదు. తిడితే ఇంకా సంబంధం ఉందనుకోవచ్చు. పట్టు మూటగట్టుకుని పోయాడు, కొత్త పడుగు పంపలేదు. ఖాళీ గుంత ముందు కూర్చుని గోపాల్ ట్రస్టు ఫోన్ కోసం చూడడం మొదలుపెట్టాడు. గణేష్ మళ్లీ వచ్చి ధైర్యం చెప్పేవాడు. సారును చేర్చిన దవాఖానలో పెద్ద డాక్టరు ఆ కట్టు చూసి, ఇది కట్టినవాళ్లెవరని అడిగాడట. ఇంకేం కావాలన్నా అనేవాడు. గోపాల్ నమ్మాడు. అంతకుముందు నమ్మి ఏమయిందో తెలిసి కూడా నమ్మాడు, ఎందుకంటే నమ్మడానికి ఇంకేమీ లేదు.

ఫోన్ వచ్చింది. అందరూ చుట్టూ చేరారు. మహేశ్వర్ సారు గొంతు నీరసంగా ఉంది.

"మీ అబద్ధాలు నేను రాయలే గోపాల్. ఆ ఇంట్ల ఏం లేదని రాసిన. పాప కట్టిన కట్టు సంగతి మాత్రం మొత్తం రాసిన, మంచి జరుగుతదని. కమిటీవాళ్లు సదివి శాన సంతోషపడ్డరు."

గోపాల్ దండం పెట్టబోయాడు.

"కానీ మా పైసలు పని నేర్చుకునేటోళ్లకంట. ఈ పాపకు పని ముందుగాలనే వచ్చు గదా, రానోళ్లకిద్దాం అన్నరు. నేను కొట్లాడిన. ఇనలే."

 గోపాలే అడిగాడు.

"అంటే సార్, ఆ దినం మా బిడ్డ కట్టు కట్టకపోయుంటే పైసలు వచ్చేటియా?"



"వచ్చేటియి" అన్నాడు సారు. "నా కాలు పోయేది."

గోపాల్‌కు ఏడుపొచ్చింది, ఏడ్చాడు. కొడుకెందుకు ఏడుస్తున్నాడో సగమే అర్థమైన జోగమ్మ లేచి ఫ్యాను వేసింది. శ్రుతి మాత్రం ఏడవలేదు. గుంతలోంచి విరిగిన బద్దలు ఏరి బయట పారేసి వచ్చింది. నాయినా, మనం మంచి పనే చేసినం అంది. అది నిజమే గనుక అతనికి ఇంకా ఏడుపొచ్చింది.

వనపర్తి సీటు గడువు దాటి వేరే ఎవరికో పోయింది. సారే తన పరపతి కొద్దీ ఎవరికో చెప్పి, కొత్తకోటలో హైవే పక్కనున్న ఒక చిన్న దవాఖానలో శ్రుతికి పని ఇప్పించాడు. అక్కడ రోజూ లారీల కింద పడ్డవాళ్లు వస్తారు, కట్లకు కరువుండదు. మొదటి రోజు ఆ పిల్ల పని చూసి డాక్టరు ఎంతో మెచ్చుకున్నాడు. జీతం మాత్రం సగమే ఇస్తానన్నాడు, ఎక్కడా నేర్చుకోలేదు కదా అని.