జీపులో కోటిలింగం, కుర్చీలో ఇంజన్

ఎర్రగుట్టపాడు గుట్టల కొలతల శాఖ కార్యాలయంలో జీపు ఇంజన్ చెడిపోయినందున, దాని స్థానంలో జూనియర్ అసిస్టెంటు కోటిలింగాన్నీ, కోటిలింగం కుర్చీలో ఇంజన్‌నూ నియమిస్తూ సోమవారం ఉత్తర్వులు వెలువడ్డాయి. ఉత్తర్వుల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. పైన ‘పని సర్దుబాటు’ అన్న శీర్షిక, కింద డివిజనల్ అధికారి సదాశివమూర్తి సంతకం, మధ్యలో ‘తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు’ అన్న మాట, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

ఆ శాఖ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆ ప్రాంతంలోని గుట్టలు అనుమతి లేకుండా పెరగలేదనీ, తరగలేదనీ ఏటా కొలిచి ధ్రువీకరించడం దాని పని. గుట్టల మీదికి రోడ్లుండవు కాబట్టి నాలుగు చక్రాలూ లాగే పాత జీపు ఒకటి ఇచ్చారు. ఆ జీపు ఇంజన్ ఒక ఎండాకాలం మధ్యాహ్నం పట్టేసింది. కొత్తది కొనడానికి ఆ ఏడు పద్దు లేదు. పోనీ జీపునే తుక్కు కింద తీసేద్దామంటే, నిబంధన ప్రకారం అది తిరగాల్సినంత దూరం ఇంకా తిరగలేదు. తిరగాలంటే ఇంజన్ ఉండాలి. పద్దు లేకపోయినా మనుషులైతే ఉన్నారు. ఒకచోట ఖాళీ వస్తే ఇంకోచోటి మనిషిని తెచ్చి అందులో సర్దడం మనకేమీ కొత్త కాదు. లెక్కల మాస్టారు సెలవు పెడితే డ్రిల్లు మాస్టారు వెళ్ళి లెక్కలు చెప్పడం లేదా?

ఎవరిని వెయ్యాలన్న దాని మీద చర్చే జరగలేదు. ఆ ఆఫీసులో పని చేసేది కోటిలింగం ఒక్కడే. అప్పటికే టపా సీటు, స్టోర్సు సీటు, పింఛన్ల సీటు అదనపు బాధ్యతలుగా ఆయన మెడకే ఉన్నాయి. ఎవరు సెలవు పెట్టినా, ఎవరు బదిలీ అయినా వాళ్ళ పని వచ్చి ఆయన బల్ల మీద వాలేది. ఆయనకు కాదనడం చేతకాదు. చేతకాని ఆ ఒక్క విద్య వల్లే ఆయనకు మంచివాడన్న పేరొచ్చింది.

ఇంజన్ మార్పిడి మౌలాలి మేస్త్రి షెడ్డులో జరిగింది. మౌలాలి బతుకంతా పాత జీపుల మధ్యే గడిచింది. తన పనితనం మీద ఆయనకు కొంచెం గర్వం కూడా ఉంది. చైన్ పుల్లీ తగిలించి పాత ఇంజన్‌ను దించాడు, దాన్ని కిరసనాయిలుతో కడిగి, బూడిదరంగు పూసి ఆఫీసుకు పంపాడు. తర్వాత కోటిలింగాన్ని బల్ల మీద కూర్చోబెట్టి టేపుతో కొలతలు తీసుకున్నాడు.

“పెట్రోలు బండికి డీజిలు ఇంజన్ వేశా, జీపుకి ట్రాక్టరు ఇంజన్ వేశా. మనిషిని వెయ్యడం ఇదే మొదలు. అయినా కష్టమేం లేదు సార్,” అన్నాడు సదాశివమూర్తితో. “ఇనుమైతే మౌంటింగులు కోసి మళ్ళీ వెల్డింగు పెట్టాల. ఈయన ఎట్టా వంచితే అట్టా వంగుతాండాడు.”

“సర్వీసులో అలవాటై ఉంటుంది,” అన్నాడు సదాశివమూర్తి.

కోటిలింగం భార్య శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. “ఆయనకి మోకాళ్ళ నొప్పులయ్యా,” అంది.

“వేడెక్కితే పోతాయమ్మా. బండికి పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఇబ్బంది, తర్వాత అదే సర్దుకుంటది,” అన్నాడు మౌలాలి.

కొత్త ఆయిలు పోసేముందు పాతది మొత్తం దించెయ్యాలన్నది ఆయన నియమం. అందుకని కోటిలింగానికి ముందురోజు ఆముదం పట్టించాడు. మర్నాడు మోకాళ్ళు రేడియేటరు వైపు, పాదాలు గేర్ బాక్స్ వైపు వచ్చేలా ఒదిగించి, నడుం దగ్గర క్లచ్ ప్లేటు బిగించి, బెల్టు వేసి, బానెట్ మూశాడు. డ్రైవరు యోహాను తాళం తిప్పాడు. లోపల చిన్న దగ్గు వినిపించింది. రెండోసారి తిప్పేసరికి జీపు అందుకుంది.

కొత్తగా వేసిన ఇంజన్‌ను కొన్నాళ్ళు వేగంగా నడపకూడదు, బరువు ఎక్కించకూడదు. ‘ఇంజన్ కొత్తది, తొందరపెట్టరాదు’ అని అట్ట ముక్క మీద రాయించి ముందు అద్దానికి తగిలించారు. తనను తొందరపెట్టరాదని ఎవరైనా లిఖితపూర్వకంగా ఆదేశించడం కోటిలింగం సర్వీసు మొత్తంలో అదే మొదటిసారి. బానెట్ కింద ఆయన కళ్ళు చెమర్చాయి. యోహాను దిగి చూసి, రేడియేటరు కారుతోందనుకుని గుడ్డతో తుడిచాడు.

రవాణా కార్యాలయంలోనూ ఇబ్బందేమీ రాలేదు. ఇంజన్ నంబరు దగ్గర ఉద్యోగి నంబరు రాశారు. ఇంధనం దగ్గర ‘ఇడ్లీ, టీ’ అని రాశారు. సిలిండర్లు ఎన్ని అంటే ఏం చెప్పాలో యోహానుకు తెలియక, పిల్లలు ఇద్దరని చెప్పాడు. అక్కడి గుమాస్తా రెండు అని రాసుకున్నాడు. పొగ పరీక్షలో మాత్రం బండి తప్పింది. కోటిలింగానికి చాటుగా బీడీ కాల్చే అలవాటుంది. పొగ తగ్గేదాకా రోడ్డెక్కకూడదని నోటీసు ఇచ్చారు. ఆయన వారంలో బీడీ మానేశాడు. పెళ్ళయిన నాటినుంచీ శేషారత్నం బతిమాలీ తిట్టీ సాధించలేనిది ప్రభుత్వం ఒక్క నోటీసుతో సాధించింది. ఆ సంగతి ఆమే అందరికీ మెచ్చుకోలుగా చెప్పుకుంది.

ఇక కుర్చీలో ఇంజన్ సంగతి. అది అందరికంటే ముందే ఆఫీసులో ఉండేది, తాళం వేసేదాకా కదిలేది కాదు. వచ్చిన అర్జీదారుకు అవునని చెప్పేది కాదు, కాదనీ చెప్పేది కాదు. జనం దండం పెట్టి, కాసేపు నిలబడి, మళ్ళీ రావాలని అర్థం చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. దాని కింద ఉంచిన ఫైళ్ళ మీద ఆయిలు మరకలు పడేవి. మరక పడిన ఫైలు అంటే పరిశీలన పూర్తయిన ఫైలని ఆఫీసులో ఒక అవగాహన కుదిరింది. ఫైలు ఏదీ ముందుకు కదలకపోవడంతో తప్పులూ దొర్లలేదు. తనిఖీ అధికారులు వచ్చి, ఈ సీటు మీద అభ్యంతరమే లేదని ఆశ్చర్యపోయారు. కోటిలింగం ఉన్నప్పుడు ఆ సీటు మీద బోలెడు అభ్యంతరాలు. పనిచేసే చోట అవి తప్పవు మరి.

‘ఒత్తిడిలోనూ చల్లగా ఉంటారు, వివాదాలకు దూరం’ అని సదాశివమూర్తి ఇంజన్ గురించి వార్షిక నివేదికలో రాశాడు. దానికి సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి వచ్చింది. సన్మానంలో, దానికి మెడ లేదు కాబట్టి, దండ దాని ముందున్న ఫ్యాన్ మీద వేశారు.

ఇవన్నీ శేషారత్నానికి అక్కర్లేని విషయాలు. ఆమెకు మొగుడు ఇంటికి రావాలి, అంతే. ఇంజన్‌ను బిగించడానికీ, విప్పడానికీ ఒక్కోసారి ఒక రోజంతా పడుతుంది కాబట్టి రోజూ దించి ఇంటికి పంపడం కుదరదని మౌలాలి ముందే చెప్పేశాడు. కోటిలింగం ఆఫీసు షెడ్డులోనే, బానెట్ కిందే పడుకునేవాడు. ఆమె మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చేది. బానెట్‌ను ఎత్తి నిలబెట్టే కడ్డీ ఎప్పుడో విరిగిపోయింది. ఒక చేత్తో బానెట్ ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ముద్దలు కలిపి పెట్టేది. మధ్యలో చెయ్యి మార్చుకునేది.

“బయట ఎండగా ఉందా?” అని అడిగేవాడు ఆయన.

“మండిపోతంది. పెద్దోడికి కొత్త చెప్పులు కావాలంట.”

“కొను. చిన్నది బడికి పోతందా?”

“పోతంది. నాన్న ఏంజేస్తాడని టీచరు అడిగితే, జీపు అని చెప్పిందంట.”

ఆయన నవ్వేవాడు. నవ్వితే జీపు అద్దాలు అదిరేవి. ఆమెకు ఏడుపొచ్చేది. ఇంటికి ఎప్పుడొస్తావని అడిగితే కొత్త ఇంజన్ రాగానే అనేవాడు. కొత్త ఇంజన్ రావాలని ఆమె శనివారాలు ఉపవాసం కూడా ఉంది.

ఆ ఉపవాసాలు ఫలించాయి. ఒక ఉదయం కొత్త ఇంజన్ చెక్కపెట్టెలో దిగింది. శేషారత్నం ఇల్లు కడిగి, మంచం దులిపి, చేపల పులుసు పెట్టింది. అయితే లారీవాడు పెట్టెను షెడ్డు దగ్గర దించాల్సింది, ఆఫీసు వరండాలో దించాడు. ఆ శాఖలో వరండా ఎక్కిన ప్రతిదానికీ ముందు హాజరు వెయ్యాలి. వేశారు. హాజరు పడ్డాక సీటు చూపించాలి. సీనియర్ ఇంజన్ పదోన్నతితో పక్క బల్లకు మారింది కనుక, జూనియర్ అసిస్టెంటు కుర్చీ ఖాళీగా ఉంది. సాయంత్రానికల్లా కొత్త ఇంజన్ అందులో విధుల్లో చేరిపోయింది. ఒకసారి చేరినదాన్ని కారణం లేకుండా కదపడానికి వీల్లేదు.

శేషారత్నం ఈసారి గుమ్మంలో నిలబడలేదు. తిన్నగా సదాశివమూర్తి గదిలోకి వెళ్ళింది.

“ఏందయ్యా ఈ అన్యాయం? ఇంజన్ వచ్చింది గదా. మా ఆయన్ని దించి ఇంటికి పంపియ్యండి!”

సదాశివమూర్తి చెడ్డవాడు కాదు. ఆమెను కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. “దించితే జీపు ఆగిపోతుందమ్మా. నిజం చెప్తున్నా, ఈ ఆఫీసు మొత్తంలో కదిలేది మీ ఆయనొక్కడే. ఆయన్ని ఎలా దించమంటావ్?”

“నడుం పడిపోతంది ఆయనకి. రెండో గేరు నుంచి మూడో గేరుకి పడేటప్పుడు గిలగిల్లాడిపోతాండాడు. యోహాన్ని అడగండి!”

యోహానును పిలిపించారు. నిజమేనని అతను ఒప్పుకున్నాడు. గేర్ బాక్స్ పళ్ళు అరిగిపోయాయనీ, ఆ కుదుపంతా కోటిలింగం సారుకే తగులుతోందనీ, ఎవరైనా మెత్తగా అందుకునేవాళ్ళుంటే బాగుండుననీ అన్నాడు. సదాశివమూర్తి ఆ మాట విని నిబంధనల పుస్తకం తెరిచాడు. ఆయన మొహంలో నిజంగానే దయ కనిపించింది.

“అమ్మా, భార్యాభర్తల్ని వీలైనంతవరకు ఒకేచోట ఉంచాలని ప్రభుత్వం ఉదారంగా ఒక నిబంధన పెట్టింది,” అన్నాడు. “నువ్వు ఒక దరఖాస్తు పెట్టుకుంటే, గేర్ బాక్స్‌గా సిఫారసు చేస్తాను.”

ఆమె ఆ రాత్రి పడుకోలేదు. పిల్లల మొహాలు చూసుకుంది. మూడో గేరులో మొగుడు పెట్టే మూలుగు గుర్తొచ్చింది. తెల్లారి పిల్లల్ని చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళి దించింది. గేర్ బాక్స్‌కు విడిగా జీతం ఉండదనీ, అది ఇంజన్ జీతంలోనే కలిసి ఉన్నట్టు భావించాలనీ చెబితే తలూపింది. ఇంట్లో చేసేదానికి మాత్రం ఎవరు విడిగా ఇచ్చారు?

మౌలాలికి ఆమెను అమర్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. “ఆడమనిషి గదా సార్, ఏ సందులో పెట్టినా చోటు చేసుకుంటది,” అన్నాడు. పాత గేర్ బాక్స్ తీసి ఆఫీసుకు పంపితే దానికి స్టోర్సు సీటు ఇచ్చారు.

ఊళ్ళో అందరూ ఈ ఏర్పాటును మెచ్చుకున్నారు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకే బండిలో, అదీ ప్రభుత్వ బండిలో చోటు దొరకడం మాటలా అన్నారు. ఇద్దరు ముగ్గురు దంపతులు దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో కనుక్కుని వెళ్ళారు. జీపు కూడా ఇప్పుడు సుఖంగా పోతోంది. గేరు పడ్డట్టే తెలియడం లేదని యోహాను సంతోషించాడు. వెనక సీట్లో సదాశివమూర్తికి కునుకు పట్టసాగింది.

మొదటిసారి పెద్ద గుట్ట ఎక్కుతున్నప్పుడు, చీకట్లో, వేడిలో, శేషారత్నం నెమ్మదిగా అంది:

“ఏమయ్యా, నీతో ఒక మాట చెప్పాల.”

“ఇప్పుడు ఎక్కుడులో ఉన్నాం గదా రత్నం. పైకి పోయినాక ఆపుతారు. అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.”

ఆమె సరేనంది. ఇద్దరూ కలిసి లాగారు. పైకి చేరేసరికి సదాశివమూర్తి నిద్రలో ఉన్నాడు, లేపడమెందుకని యోహాను ఆపలేదు. అవతలి గుట్ట కనిపిస్తోంది. అది ఎక్కాక మాట్లాడుకోవచ్చని కోటిలింగం అన్నాడు. ఆమె దానికీ సరేనంది.