మొదటి విమానంలో అత్తగారు

"మన విమానాశ్రయం నూటికి నూటపది పాళ్లు సురక్షితం! కావాలంటే రేపటి మొదటి విమానంలో మా అత్తగారినే ఎక్కిస్తాను!"

విమానయాన మంత్రిగారు ఇలా ప్రకటించగానే టెర్మినల్ హాలు దద్దరిల్లింది. శత్రువు మిసైళ్లు వేయడం మొదలెట్టాక ఏది దద్దరిల్లినా ముందు బల్లల కింద దూరడం మాకు అలవాటు. చప్పట్లేనని తేలాక అందరం లేచాం.

అక్కడే నాకో కాఫీ కొట్టుంది. విమానాలు ఆగిపోయి ఈగలు తోలుకుంటున్న నాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. దేశం కోసం సొంత అత్తగారిని ఇచ్చే అల్లుళ్లు ఎందరుంటారు?

మర్నాడు పొద్దున్నే ఆవిడ చేతిసంచీతో హుషారుగా దిగారు.

"అల్లుడుగారూ, కిటికీ పక్క సీటేనా?"

"మీకు కాక ఇంకెవరికి అత్తయ్యగారూ!"

అంతలో సైరన్ మోగింది. మేం నేలమీద బోర్లా పడేసరికి మంత్రిగారు బేస్‌మెంటులో ఉన్నారు. నాయకుడికి ఆ మాత్రం ముందుచూపు ఉండాలి. మిసైల్ కార్ల పార్కింగులో పడింది. అదృష్టం, మనుషులెవరికీ ఏమీ కాలేదు. నా కొట్టు అద్దాలు మాత్రం జలజలా రాలాయి.

మంత్రిగారు పైకొచ్చి, చొక్కాకు కాస్త దుమ్ము రాసుకుని మైకు అందుకున్నారు.

"చూశారుగా! విమానాశ్రయం మీద ఈగ కూడా వాలలేదు. పార్కింగ్ అంటారా, అది నా శాఖ కాదు. రవాణా శాఖది."

విలేకరులు శ్రద్ధగా రాసుకున్నారు.

"అంత భద్రమైతే మీరూ రండి అల్లుడుగారూ," అన్నారు అత్తగారు. "నాకొక్కదానికీ ఏం తోస్తుంది? పైగా మీ కారు కూడా ఆ పార్కింగులోనే పోయిందాయె!"

కెమెరాలన్నీ గిర్రున ఆయన వైపు తిరిగాయి. మంత్రిగారి ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"అత్తగారి మాట... నేనెప్పుడు... కాదన్నాను?"

మెట్లెక్కి, తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపారు. నాకు కళ్లు చెమర్చాయి. ఫొటోలు పంపాలని విలేకరులు పరుగెత్తారు. కాసేపటికి విమానం క్షేమంగా ఎగిరింది.

మర్నాడు అద్దాలు కొనడానికి పక్క ఊరి బస్సెక్కాను. పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా మంత్రిగారే. 'అత్తగారితో ఆకాశంలో!' అని పెద్దక్షరాలు. నాకు గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. పక్క సీట్లో ముసుగుతన్ని పడుకున్న ఆసామికి చూపిద్దామని తట్టబోయాను. ఇంతలో ఆ దుప్పట్లో ఫోను మోగింది. కంగారులో ఏం నొక్కారో, స్పీకర్ ఆన్ అయింది.

"అల్లుడుగారూ, నేను నిన్ననే చేరాను. బాత్రూమ్‌కని లేచారు, ఇంకా రారేమిటి?"